కోనసీమ కాలువలూ ఇంజినీరింగ్ పత్రికలూ: సంపాదకుల పని పంపకం చరిత్ర

ఇంజినీరింగ్ పత్రికను ఒక్కరే భుజాన వేసుకుని నడపడం ఒక పద్ధతి. పని పంచుకుని పదిమంది నడపడం ఇంకో పద్ధతి. గోదావరి డెల్టా పనుల గురించిన రాతలు ఈ రెండు పద్ధతుల్లోనూ అచ్చయ్యాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలకు నీళ్లు తెచ్చిన ఆనకట్ట, కాలువలు, లాకులు, గన్నవరం అక్విడెక్టు కట్టిన కాలమూ, మన దేశంలో ఇంజినీర్లు తమ అనుభవాన్ని సంపుటాలుగా అచ్చువేసుకోవడం మొదలుపెట్టిన కాలమూ దాదాపు ఒకటే. కోనసీమ కాలువల చరిత్రను పట్టుకుని వెళితే, సంపాదకుడి పని ఎలా ముక్కలైందో, ఆ ముక్కలు ఎవరెవరి చేతికి వెళ్లాయో కూడా తెలుస్తుంది.

శాస్త్ర పత్రికలు ఒంటి చేతి మీదే పుట్టాయి. 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ మొదలుపెట్టినప్పుడు ఉత్తరాలు తెప్పించుకోవడం, ఏది అచ్చువేయాలో తేల్చడం, ముద్రాపకుడి వెంటపడడం అన్నీ ఆయన పనే. ఆ పత్రిక బాధ్యతను రాయల్ సొసైటీ ఒక సంఘానికి అప్పగించింది 1752లో. వ్యాసం అచ్చుకు తగినదో కాదో విషయం తెలిసినవారిని అడిగి, వాళ్ల అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకునే అలవాటు 1832లో మొదలైంది. అంటే ఒకరి చేతిలో ఉన్న పనిని మూడు చోట్ల పంచడానికి 150 ఏళ్లకు పైగా పట్టింది. ఇంజినీర్లు ఇదే దారిని కొంత తొందరగా నడిచారు. వాళ్లకు ఆ తొందర అవసరం కూడా. పద్యంలో ఒక అక్షరం తప్పు పడితే చదివేవాడు సర్దుకుంటాడు. కాలువ వాలు లెక్కలో ఒక అంకె తప్పు పడితే చివరి ఊళ్లకు నీళ్లు అందవు, లేదా గట్టు తెగుతుంది.

సైనిక ఇంజినీర్లలో ఈ ప్రయత్నం 1837లో మొదలైంది. రాయల్ ఇంజినీర్స్ దళానికి చెందిన లెఫ్టినెంట్ విలియం డెనిసన్ తోటి అధికారుల చేత వ్యాసాలు రాయించి, తొలి సంపుటాలకు తానే సంపాదకుడిగా ఉండి అచ్చువేయించాడు. ఈ డెనిసనే తర్వాత 1861 నుంచి 1866 వరకు మద్రాసు గవర్నరు. ధవళేశ్వరం ఆనకట్ట ఎత్తు పెంచే పని మొదలైంది ఆయన హయాంలోనే. ఇంజినీర్ల రాతలకు సంపాదకుడిగా పనిచేసినవాడు ఇంజినీర్ల మీద గవర్నరు కావడం అరుదు.

డెనిసన్ దారిలోనే 1830ల చివరలో మద్రాసు ఇంజినీర్స్ దళం తన సంపుటాలు మొదలుపెట్టింది. దళం విధులకు సంబంధించిన నివేదికలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, కొత్త వ్యాసాలు అని దాని పేరులోనే విషయమంతా చెప్పుకున్నారు. సంపాదకుడు జె.టి. స్మిత్. ఫ్రెంచి ఇంజినీరు వికా సున్నం, సిమెంటుల మీద రాసిన గ్రంథాన్ని 1837లో ఇంగ్లీషు చేసినవాడు ఈయనే. ఇప్పుడు చెన్నై హైకోర్టు ఆవరణలో కనిపించే రాతి స్తంభం లాంటి పాత లైట్‌హౌసు కూడా ఈయన రూపకల్పనే. 1844 నుంచి దానిలో దీపం వెలిగింది. ఆ రోజుల్లోనే మద్రాసు టంకశాల అధికారిగానూ పనిచేశాడు. పత్రిక ఆయనకు ఉద్యోగం కాదు, ఉద్యోగాల మధ్య దొరికిన తీరికలో చేసిన పని. సంపుటాలు నియమంగా కాకుండా వీలైనప్పుడల్లా వచ్చాయంటే ఆశ్చర్యపడనక్కర్లేదు.

స్మిత్ సున్నం మీద పెట్టిన శ్రద్ధ డెల్టాకు పరాయి విషయం కాదు. నీటిలో ఉండే కట్టడానికి మామూలు సున్నం పనికిరాదు, నీళ్లలోనే గట్టిపడే సున్నం కావాలి. ఏ రాయిని కాలిస్తే అలాంటి సున్నం వస్తుంది, ఇటుక పొడి ఎంత కలపాలి, గానుగలో ఎంతసేపు నూరాలి అన్నవి మేస్త్రీలకు చేతివాటంగా తెలిసినవే. ఆ తెలివి అచ్చులోకి రావాలంటే ఎవరో ఒకరు దాన్ని కొలతల్లోకి దించాలి, మరొకరు ఆ కొలతలు సరైనవో కావో చూడాలి. మద్రాసు సంపుటాలలో ఈ రెండో పని కూడా చాలావరకు సంపాదకుడి మీదే పడింది.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆర్థర్ కాటన్ ప్రతిపాదన మీద, ఆయన ఆధ్వర్యంలో జరిగిన పని ఇది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు, మొత్తం కట్టడం పొడవు సుమారు 12 వేల అడుగులు. పునాదికి రాతి నేల దొరకని చోట ఇసుకలో బావులు దింపి వాటి మీద కట్టారు. ఈ ఆలోచన కావేరి నుంచి వచ్చింది. 1836లో కావేరి పాయ కొళ్లిడం మీద కాటన్ కట్టిన ఆనకట్టలు దీనికి ముందడుగు. ఒక నది మీద నేర్చినది ఇంకో నదికి పనికిరావాలంటే మొదటి నది దగ్గర ఏం జరిగిందో ఎక్కడో నమోదై ఉండాలి. కాటన్ తానే రెండు చోట్లా ఉన్నాడు కనుక ఆయనకు పత్రిక అవసరం తక్కువ. ఆయన తర్వాత వచ్చినవాళ్లకు అది లేకుండా గడవదు.

ఆనకట్టతో పని అయిపోలేదు. గౌతమికీ వసిష్ఠకూ మధ్యనున్న కోనసీమకు బొబ్బర్లంక దగ్గర నుంచి కాలువ బయలుదేరుతుంది, లొల్ల లాకుల దగ్గర పాయలుగా విడిపోతుంది. అక్కడి నుంచి రాజోలు వైపు వెళ్లాలంటే దారిలో వైనతేయ అడ్డం. వసిష్ఠ నుంచి విడిపోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసే ఈ పాయకు అవతల నగరం లంక. అటూ ఇటూ నది, కింద సముద్రం, మధ్యలో సాగుకు నీళ్లు లేని నేల. కాలువను నది మీదుగా దాటించడానికి గన్నవరం దగ్గర అక్విడెక్టు కట్టారు. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పుతో 49 ఖానాలు. పైన కాలువ, కింద వైనతేయ. ఈ పని చేయించింది లెఫ్టినెంట్ ఎఫ్.టి. హెయిగ్ అనే యువ అధికారి, కాలం 1850ల తొలి ఏళ్లు. వరద రాకముందే ముగించాలి కనుక కట్టడంలో ముఖ్యమైన భాగమంతా ఒక్క సీజనులోనే పూర్తిచేశాడని ప్రసిద్ధి. ఒకటిన్నర శతాబ్దం అది కోనసీమకు నీళ్లు మోసింది. 2000 ప్రాంతంలో దాని పక్కనే కొత్తది వచ్చింది. అన్నదానానికి పేరుపొందిన లంకల గన్నవరం ఇల్లాలు డొక్కా సీతమ్మ పేరు దానికి పెట్టారు.

ఇంత పనిలో రాసినవాళ్లు ఎవరు? దళం సంపుటాలు దళం అధికారులవే. కాటన్‌కు కుడిభుజమని డెల్టాలో నేటికీ చెప్పుకునే వీణం వీరన్న వంటి తెలుగు ఉద్యోగుల అనుభవం అధికారుల నివేదికలలో కలిసిపోయింది తప్ప వాళ్ల పేరుతో వ్యాసమై రాలేదు. బావి దింపిన కూలీ, గానుగ తిప్పించిన మేస్త్రీ సంగతి చెప్పనే అక్కర్లేదు. సంపాదకుడు ఒక్కడే అయినప్పుడు అతనికి తెలిసిన వలయమే పత్రిక వలయం అవుతుంది. మద్రాసు సంపుటాల లోపం సంపాదకుడి అశ్రద్ధ కాదు. ఆయన చుట్టూ ఉన్న మనుషులు ఆ కొద్దిమందే.

బయటివాడు వచ్చి చూస్తే ఏమవుతుందో బెయిర్డ్ స్మిత్ చూపించాడు. బెంగాల్ ఇంజినీర్స్‌కు చెందిన ఈయన అంతకుముందు ఇటలీ కాలువల మీద పెద్ద గ్రంథం రాశాడు. మద్రాసు పనులు చూసి వెళ్లి కావేరి, కృష్ణ, గోదావరి కట్టడాల మీద రాసిన నివేదిక 1856లో అచ్చయింది. ఉత్తరాది కాలువల్లో పనిచేసినవాడు దక్షిణాది ఆనకట్టలను తూచి చూడడం అదే తొలిసారి అనిపించేంత శ్రద్ధ అందులో ఉంది. తర్వాతి కాలంలో సమీక్షకుడు అనే మనిషి చేసే పని ఇదే. సొంత దళం కాని, సొంత పని కాని, విషయం తెలిసినవాడు చూడడం.

ఆ పని చేసే ఏర్పాటు లేనప్పుడు ఏం జరుగుతుందో పదేళ్లు తిరక్కుండానే తేలింది. 1854లో ప్రారంభమైన గంగా కాలువను కాటన్ తీవ్రంగా తప్పుపట్టాడు. కాలువ తల ఎక్కడ పెట్టారు, వాలు ఎంత ఇచ్చారు, ఇటుక కట్టడాలు ప్రవాహానికి నిలుస్తాయా అన్నవి ఆయన ప్రశ్నలు. కాలువ కట్టించిన ప్రాబీ కాట్లీ జవాబిచ్చాడు. 1863, 1864 సంవత్సరాల్లో ఈ వాదం నడిచింది చిన్న పుస్తకాల మీద. ఎవరి పుస్తకం వాళ్లే అచ్చువేయించుకున్నారు. మధ్యలో నిలబడి ‘ఈ లెక్క సరిచూశాం, ఈ ఆరోపణకు ఆధారం లేదు’ అని చెప్పగల సంపాదకుడు ఆ వాదానికి దొరకలేదు. ఇద్దరూ గొప్ప ఇంజినీర్లే. చదివినవాళ్లకు మాత్రం తేల్చుకోవడానికి ఎవరి పక్షం అన్న కొలత ఒక్కటే మిగిలింది.

సరిగ్గా ఆ సమయంలోనే, 1863లో, రూర్కీలోని థామసన్ కాలేజీ నుంచి ‘ప్రొఫెషనల్ పేపర్స్ ఆన్ ఇండియన్ ఇంజినీరింగ్’ మొదలైంది. మూడు నెలలకు ఒక సంచిక. సంపాదకుడు కాలేజీ ప్రిన్సిపాల్ మేజర్ జె.జి. మెడ్లీ. మద్రాసు సంపుటాలతో పోలిస్తే ఇక్కడ రెండు మార్పులు కనిపిస్తాయి. సంపాదకత్వం మనిషిని కాకుండా కుర్చీని పట్టుకుని నడిచింది. మెడ్లీ తర్వాత ప్రిన్సిపాల్ అయిన ఎ.ఎం. లాంగ్, ఆయన తర్వాత ఎ.ఎం. బ్రాండ్రెత్ అదే పనిని అందుకున్నారు. ముద్రణ భారం కాలేజీ సొంత ముద్రణాలయానికి వెళ్లింది. పటాలు గీసేవాళ్లు, అచ్చు దిద్దేవాళ్లు అక్కడే దొరికేవాళ్లు. ఇంజినీరింగ్ వ్యాసానికి పటం ప్రాణం. కొలత గీత తప్పిన పటం ఉన్న వ్యాసం కంటే పటం లేని వ్యాసమే నయం. ఆ పని కాలేజీకి పంచడం వల్ల రూర్కీ సంచికలు మూడు వరుసలుగా 1880ల దాకా నిలిచాయి. అయినా వ్యాసం మంచిచెడులు తేల్చే మాట ఒక్కరిదే. 

లండన్‌లో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ సివిల్ ఇంజినీర్స్ ఇంకో పద్ధతి పట్టింది. 1818లో పుట్టిన ఆ సంస్థ 1837 నుంచి తన సమావేశాల రాతలు అచ్చువేసింది. వ్యాసం సభలో చదువుతారు, సభ్యులు లేచి తప్పులు ఎత్తిచూపుతారు, రచయిత జవాబిస్తాడు, ఆ చర్చ కూడా వ్యాసం వెంబడే అచ్చవుతుంది. కార్యదర్శులు చార్లెస్ మాన్బీ, ఆ తర్వాత 40 ఏళ్లు జేమ్స్ ఫారెస్ట్ ఈ సంపుటాలకు సంపాదకులు. వీళ్ల మీద భారం తక్కువేమీ కాదు. తేడా ఎక్కడంటే, తప్పు పట్టే పని సంపాదకుడిది కాకుండా సభది అయింది. సభ అంతా కలిసి ఒకే వైపు మొగ్గితే ఈ పద్ధతీ తప్పు చేస్తుంది. కానీ తప్పు ఎవరు పట్టారో, ఏమన్నారో కాగితం మీద ఉంటుంది.

గోదావరి డెల్టా మీద మంచి పుస్తకం చివరికి పత్రికగా కాక ప్రభుత్వ ముద్రణగా వచ్చింది. మద్రాసు నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజినీరుగా పనిచేసిన జార్జి వాల్ష్ రాసిన ‘ది ఇంజినీరింగ్ వర్క్స్ ఆఫ్ ది గోదావరి డెల్టా’ 1896లో వెలువడింది. పాఠం ఒక సంపుటం, పటాలు ఒక సంపుటం. అర్ధ శతాబ్దంలో ఆనకట్టకు వచ్చిన దెబ్బలు, చేసిన మరమ్మతులు, కాలువల విస్తరణ అన్నీ ఒక చోట చేరాయి. డెల్టా ఇంజినీర్లకు చాలాకాలం అదే ఆధారం. ఒక మనిషి రిటైరయ్యేదాకా పోగుచేసిన అనుభవం అది. ఏటేటా అచ్చయ్యే పత్రికలో వచ్చి ఉంటే, 50 ఏళ్లు ఆగవలసిన అవసరం ఉండేది కాదు.

ఇరవయ్యో శతాబ్దంలో పని పంపకానికి ఇల్లు దొరికింది. సర్ థామస్ హాలండ్ నాయకత్వంలోని పారిశ్రామిక కమిషన్ తర్వాత, దేశంలోని అన్ని శాఖల ఇంజినీర్లకూ ఒక్క సంస్థ కావాలన్న ఆలోచన బలపడి, 1920 సెప్టెంబరు 13న మద్రాసులో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ (ఇండియా) రిజిస్టరైంది. 1921లో కలకత్తాలో లాంఛనంగా ప్రారంభమైంది, 1935లో రాయల్ చార్టర్ పొందింది. దాని జర్నల్‌కు మొదట్లో అన్ని శాఖల వ్యాసాలూ ఒకే చోటికి వచ్చేవి. శాఖలు పెరిగేకొద్దీ సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ అని విభాగాలుగా విడగొట్టారు. 2012 నుంచి స్ప్రింగర్ సంస్థతో కలిసి ఐదు శ్రేణులుగా తెస్తున్నారు. ‘ఎ’లో సివిల్, ఆర్కిటెక్చర్, పర్యావరణ, వ్యవసాయ ఇంజినీరింగ్‌లు. ‘బి’లో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్. ‘సి’లో మెకానికల్, ప్రొడక్షన్, ఏరోస్పేస్, మెరైన్. ‘డి’లో లోహాలు, గనులు. ‘ఇ’లో కెమికల్, టెక్స్‌టైల్. సంస్థకున్న 15 శాఖలూ ఈ ఐదింటిలో సర్దుకున్నాయి. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కూడా 1978లో ఇంజినీరింగ్‌కు విడిగా ప్రొసీడింగ్స్ మొదలుపెట్టి, 1984లో దాని పేరు ‘సాధన’గా మార్చింది.

ఈ పంపకం కోనసీమ విషయాలకు ఎలా వర్తిస్తుందో చూస్తే దాని మేలూ ఇబ్బందీ రెండూ తెలుస్తాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. అప్పుడు ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ ముందుకు వచ్చిన ఫిర్యాదుల్లో మురుగు కాలువల దుస్థితి ఒకటి. మురుగు కాలువ మీద వ్యాసం రాస్తే అది సివిల్‌కూ చెందుతుంది, వ్యవసాయానికీ చెందుతుంది. రెండూ ‘ఎ’లోనే ఉన్నాయి కనుక బాధ లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర చమురు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. దాని మీద వ్యాసం గనులదా, కెమికల్‌దా, పర్యావరణానిదా? 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలింది. గొట్టాల తుప్పు మీద రాసే వ్యాసం లోహ శాస్త్రానికి వెళ్లాలి, గొట్టం లోపలి వాయువు సంగతి కెమికల్‌వాళ్లు చూడాలి. ఇలాంటి వ్యాసం వచ్చినప్పుడు ప్రధాన సంపాదకుడు ఒక శ్రేణికి అప్పగించి, సమీక్షకుల్లో ఒకరిని ఇంకో శాఖ నుంచి పిలవాలి. పని పంచుకోవడంలో కష్టమైన భాగం పంచడం కాదు, సరిహద్దు మీద పడినదాన్ని ఎవరో ఒకరు తీసుకోవడం.

నేటి పద్ధతిలో వ్యాసం ప్రయాణం ఇలా ఉంటుంది. వచ్చిన వ్యాసాన్ని ప్రధాన సంపాదకుడు పైపైన చూసి, పత్రిక పరిధిలో లేనిదాన్ని అక్కడే తిప్పి పంపుతాడు. మిగిలినదాన్ని ఆ విషయం తెలిసిన సహ సంపాదకుడికి ఇస్తాడు. ఆయన ఇద్దరు ముగ్గురు సమీక్షకులను వెతికి, గడువు పెట్టి, వాళ్ల మాటలు ఒకదానితో ఒకటి పొసగకపోతే తూచి, తన సిఫారసు రాస్తాడు. చివరి నిర్ణయం ప్రధాన సంపాదకుడిది. భాష, పటాలు, సూచికలు సరిచూసేది వేరే బృందం. జె.టి. స్మిత్ ఒక్కడే చేసినదాన్ని ఇప్పుడు కనీసం ఆరుగురు చేస్తారు. ఆలస్యం కూడా ఆ మేరకు పెరిగింది. సమీక్షకుడు నెలల తరబడి జవాబివ్వకపోతే వ్యాసం అక్కడే నిలిచిపోతుంది.

పంచుకున్నట్టు చూపించి పంచుకోకపోతే ఏమవుతుందో తెలుగు నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. హైదరాబాదు కేంద్రంగా వందలాది పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. నిపుణుల చేత సమీక్ష చేయిస్తామని చెప్పి చేయించకపోవడం, ఒప్పుకోనివారి పేర్లు సంపాదకులుగా వేసుకోవడం ఆరోపణల్లో ముఖ్యమైనవి. 2019 మార్చిలో నెవాడా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. ఇలాంటి పత్రికలకు గిరాకీ తెచ్చినది అధ్యాపకుల పదోన్నతులకు వ్యాసాల లెక్క ముడిపెట్టడమే. యూజీసీ 2018 చివర్లో నమ్మదగిన పత్రికల జాబితా కోసం కేర్ ఏర్పాటును ప్రకటించింది, 2025లో దాన్ని నిలిపివేసి ఎంపిక బాధ్యతను విద్యాసంస్థలకే వదిలింది. సంపాదక మండలిలో పేరు ఎంత పెద్దదో కాదు, ఆ పేరు గలవాడు ఏడాదికి ఎన్ని వ్యాసాలు నిజంగా చూశాడో అడగాలి. ఆ లెక్క ప్రకటించని పత్రికకు వ్యాసం పంపకపోవడమే మంచిది.

కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీ 1946లో పుట్టింది, అది 2008లో జేఎన్‌టీయూ కాకినాడ అయింది. దానికి అనుబంధంగా కోనసీమలోనూ కాలేజీలు ఉన్నాయి. వ్యాసాలు రాసేవారికి కొరత లేదు. కొరత ఉన్నది కాలువ మీద పనిచేసేవారి రాతకు. లాకుల దగ్గర గేటు ఎత్తే లస్కరుకు, మురుగు కాలువలో తూడు ఎప్పుడు ఎంత పెరుగుతుందో ఏటా చూసే వర్క్ ఇన్‌స్పెక్టరుకు, ఉప్పునీరు ఏ ఊరి దాకా వచ్చిందో తెలిసిన సెక్షన్ ఇంజినీరుకు ఈ సంపాదక ఏర్పాటులో చోటు లేదు. మద్రాసు దళం రోజుల్లో వీరన్నకు లేనట్టే ఇప్పుడు వీళ్లకూ లేదు. ప్రతి ఇంజినీరింగ్ పత్రికా ఒక క్షేత్ర సంపాదకుడిని నియమించుకోవాలి. జలవనరుల శాఖలో పనిచేసినవాడు, తెలుగులో వచ్చిన నోట్సును తీసుకుని కొలతలు సరిచూసి ఇంగ్లీషు వ్యాసంగా మలచగలవాడు, వ్యాసం మీద ముందుగా ఆ నోట్సు రాసినవాడి పేరు వేయించగలవాడు ఆ పనికి తగినవాడు. ఆంధ్రా, తెలంగాణ విశ్వవిద్యాలయాల పత్రికలు మొదలుపెట్టవలసినది ఈ నియామకంతోనే.